ఒక్క కొవ్వొత్తితో గాలి గుట్టు తెలుసుకోవడం ఎలా?

కొవ్వొత్తి మంటను గమనించడానికి ల్యాబ్ అక్కర్లేదు. నాలుగైదు మామూలు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, ఒక సాయంత్రం తీరిక ఉంటే చాలు. గదిలో గాలి ఎటు కదులుతోంది, పైన ఒకలా కింద ఒకలా ఉందా, మూసిన సీసాలో ఏం తగ్గింది? ఇవేవీ కంటికి కనబడవు. మంట మాత్రం వాటన్నిటికీ అప్పటికప్పుడు స్పందిస్తుంది. చోటు మార్చిన ప్రతిసారీ మంట ఎలా మారిందో చూసి, ఎందుకు మారిందో పట్టుకోవడమే ఇక్కడ మన పని.

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1848లోనూ, మళ్లీ 1860–61 క్రిస్మస్ సెలవుల్లోనూ పిల్లల కోసం అచ్చంగా కొవ్వొత్తి మీదే వరుస ఉపన్యాసాలు ఇచ్చారు. అప్పటికే విద్యుత్తులో ఎన్నో కొత్త విషయాలు కనిపెట్టిన మనిషి పిల్లలకు ఏం చెప్పాలా అని ఆలోచించి కొవ్వొత్తిని ఎంచుకున్నారు. ఆ ఎంపిక నాకు చాలా ఇష్టం. మన ఇళ్లలో అయితే ప్రమిదలో నువ్వుల నూనె దీపంతోనూ వీటిలో చాలావరకు చేయొచ్చు. కాకపోతే వత్తికి కొడి కట్టినప్పుడల్లా మంట మారిపోతుంది కాబట్టి, పోల్చి చూడటానికి కొవ్వొత్తే నయం.

మొదలుపెట్టే ముందు

కాటన్ బట్టలు వేసుకోండి. చున్నీ, పైట కొంగు, జుట్టు వెనక్కి కట్టేయండి. చేతులకు శానిటైజర్ రాసుకుని ఉంటే సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరాకే అగ్గిపుల్ల గీయండి. కర్టెన్లు, పేపర్లు దూరంగా, గ్యాస్ సిలిండర్ ఉన్న వంటింటికి ఇంకా దూరంగా కూర్చోండి. కొవ్వొత్తిని స్టీలు పళ్లెంలో రెండు చుక్కల మైనం వేసి నిలబెట్టండి. పక్కన ఒక బకెట్ నీళ్లు పెట్టుకోండి. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, పక్క గదిలో కాదు.

ఇంకా కావాల్సినవి: వెడల్పు మూతి ఉన్న గాజు సీసాలు రెండు మూడు (పచ్చడి సీసాలు బాగుంటాయి), పాత లాంతరు చిమ్నీ దొరికితే ఒకటి, స్టీలు చెంచా, స్టీలు టీ వడపోత, తెల్ల కాగితాలు, స్కేలు, ఒక నోట్‌బుక్. ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే చాలా మేలు.

ఫోన్‌తో తీసేటప్పుడు ఒక చిన్న చిట్కా. మామూలుగా తీస్తే మంట తెల్లటి మచ్చలా వస్తుంది, లోపలి రంగులేవీ తెలియవు. స్క్రీన్ మీద మంటను కాసేపు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, బ్రైట్‌నెస్ బాగా కిందికి లాగండి. నీలం, నలుపు, పసుపు విడివిడిగా తేలతాయి.

మొదటి పని: మంటను నిలబెట్టడం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. కొవ్వొత్తి వెలిగించగానే ప్రయోగం మొదలుపెడితే, మీరు చూసే మార్పు గాలి వల్ల వచ్చిందో వత్తి వల్ల వచ్చిందో తెలియదు.

1. వత్తిని అర సెంటీమీటరు పైచిలుకు మాత్రమే ఉంచి కత్తిరించండి. పొడవైన వత్తి పొగ కక్కుతుంది.
2. ఫ్యాను, ఏసీ ఆపేసి, కిటికీలు మూసి వెలిగించండి.
3. వత్తి చుట్టూ మైనం కరిగి చిన్న మడుగు కట్టేదాకా ఆగండి.
4. మంట కదలకుండా నిలబడ్డాక వెనక స్కేలు పెట్టి ఎత్తు చూసి రాసుకోండి. రంగులు, అంచులు కూడా రాసుకోండి.

ఇకపై చూసే ప్రతిదాన్నీ ఈ మంటతోనే పోల్చాలి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. చోటూ కొవ్వొత్తీ రెండూ మార్చేస్తే చూసిందంతా వృథా.

మంటను దగ్గరగా చూడటం

ముఖాన్ని మంటకు రెండడుగుల దూరంలో, మంట ఎత్తుకు సమానంగా ఉంచి, వెనక నల్లటి గుడ్డ ఉండేలా చూడండి. అడుగున గిన్నెలా నీలం రంగు కనిపిస్తుంది. అక్కడికి పక్కల నుంచి గాలి బాగా అందుతుంది. వత్తి చుట్టూ కాస్త నల్లగా, ఖాళీగా అనిపించే చోటు ఉంటుంది. నిజానికి అది ఖాళీ కాదు. కరిగిన మైనం వత్తి గుండా పైకి పాకి, ఆవిరై, ఇంకా మండకుండా ఉన్న చోటు అది. దానిపైన పసుపు భాగం. మనం వెలుగు అనేదంతా దాదాపు అక్కడి నుంచే వస్తుంది. అక్కడ గాలి సరిపోక, మైనం ఆవిరి నుంచి సన్నటి మసి రేణువులు తయారై, వేడికి ఎర్రగా కాలి వెలుగుతుంటాయి. అవి పైకి, అంచులకు వెళ్లేసరికి గాలి దొరికి కాలిపోతాయి. అందుకే బాగా మండే కొవ్వొత్తి నుంచి పొగ రాదు.

ఇదంతా ఊరికే నమ్మక్కర్లేదు. చల్లటి స్టీలు చెంచా వెనక భాగాన్ని పసుపు భాగంలో రెండు సెకన్లు పెట్టి తీయండి. నల్లటి మసి పడుతుంది. ఇంకో చల్లటి చెంచాను అడుగున నీలం అంచు దగ్గర పెట్టి చూడండి, మసి దాదాపు ఉండదు. చెంచా మీద కొద్దిగా చెమ్మ పట్టి, వెంటనే ఆరిపోవడం కూడా గమనిస్తారు. మండేటప్పుడు మైనంలోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఆ నీరే ఈ చెమ్మ.

తర్వాత మందపాటి అట్టముక్కను అడ్డంగా పట్టుకుని, మంట మధ్యలోకి వత్తికి కాస్త పైగా ఒక్క సెకను దించి తీయండి. పక్కనే నీళ్ల పళ్లెం ఉండాలి, అంటుకుంటే అందులో పడేయొచ్చు. సరిగ్గా కుదిరితే అట్ట మీద గుండ్రటి ఉంగరంలా కమిలిన మచ్చ పడుతుంది. ఉంగరం మధ్యలో అట్ట దాదాపు తెల్లగానే ఉంటుంది. మంట చూడటానికి నిండుగా ఉన్నా అసలు వేడి అంచుల్లోనే ఉందని ఈ అట్టముక్క చూపిస్తుంది. ఒకసారికి కుదరకపోవచ్చు, చెయ్యి కదలకూడదు. నా దృష్టిలో ఈ మొత్తంలో బాగా నచ్చే పని ఇదే. కొలతలు, పరికరాలు లేకుండా మంట లోపలి బొమ్మ చేతికి వస్తుంది.

చివరగా మంటను ఊది ఆర్పండి. వత్తి నుంచి తెల్లటి పొగ తీగలా పైకి లేస్తుంది. వెంటనే వెలిగే అగ్గిపుల్లను ఆ పొగ తీగకు, వత్తికి ఒకటి రెండు సెంటీమీటర్ల పైన తాకించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని మళ్లీ వెలిగిస్తుంది. మండేది వత్తి కాదు, మైనం ఆవిరి.

ఏసీ గది గుమ్మం

ఇది ఎండాకాలంలో చేయాలి. బయట హాలు వేడిగా ఉండాలి, పడకగది ఏసీతో బాగా చల్లబడి ఉండాలి. ఏసీ, ఫ్యాన్లు రెండు చోట్లా ఆపేసి, తలుపును జానెడు తెరవండి. ఒక నిమిషం ఆగాక, కొవ్వొత్తిని గుమ్మం సందులో నేలకు దగ్గరగా పెట్టండి. మంట హాలు వైపు వాలుతుంది. ఎవరైనా స్టూల్‌ను పట్టుకుని ఉండగా జాగ్రత్తగా దాని మీదికెక్కి, అదే కొవ్వొత్తిని గుమ్మం పైభాగానికి ఎత్తండి. ఇప్పుడు మంట గది లోపలికి వాలుతుంది. చల్లగాలి బరువు కాబట్టి కింద నుంచి బయటకు జారిపోతుంటే, దాని స్థానంలోకి పైనుంచి వేడిగాలి లోపలికి వస్తోందన్నమాట.

మధ్యలో ఎక్కడో మంట నిటారుగా నిలబడే ఎత్తు ఉంటుంది. దాన్ని వెతికి గుమ్మం పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. తలుపు తెరిచిన కాసేపటికి, మళ్లీ పది నిమిషాలకు కొలిస్తే ఆ వాలు ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఏసీ ఉన్నప్పుడు తలుపు కింద సందు మూయమని ఎందుకంటారో ఈ ఒక్క పరీక్ష చెప్పేస్తుంది. ఇక్కడొక హెచ్చరిక: మూసి ఉన్న ఏసీ గదిలో ఎక్కువసేపు కొవ్వొత్తులు వెలిగించి కూర్చోకండి. పని కాగానే కిటికీలు తెరవండి.

కిందికి గాలి అందకపోతే

లాంతరు చిమ్నీ దొరికినవాళ్లు అదృష్టవంతులు. చిమ్నీ లేకపోతే రెండు వైపులా తెరిచి ఉన్న గాజు గొట్టం ఏదైనా చాలు. వెలుగుతున్న కొవ్వొత్తి మీద చిమ్నీని బల్లకు ఆనించి పెట్టండి. పైన తెరిచే ఉన్నా మంట కాసేపట్లో చిన్నబోయి, వణికి, చివరికి కొండెక్కుతుంది. లోపలి వేడిగాలి పైకి పోతుంటే, అదే దారిలో కొత్త గాలి కిందికి దిగలేక రెండూ తన్నుకుంటాయి.

ఇప్పుడు మళ్లీ వెలిగించి, చిమ్నీ కింద రెండు పెన్సిళ్లు పెట్టి కొంచెం ఎత్తండి. కింద నుంచి గాలి లోపలికి, వేడి పై నుంచి బయటికి. మంట ఒక్కసారిగా నిటారుగా, తెల్లగా, కదలకుండా నిలుస్తుంది. 1780లలో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్గాండ్ తన దీపానికి గాజు చిమ్నీ పెట్టింది ఈ లాభం కోసమే. మన లాంతర్ల అడుగున ఉండే ఆ చిల్లుల పని కూడా ఇదే.

మూసిన గాలి

1. అర లీటరు సీసా, లీటరు సీసా తీసుకుని ఒకే ఎత్తు కొవ్వొత్తి మీద ఒక్కోసారి ఒక్కటి బోర్లించండి. ఆరడానికి పట్టే సమయం సెకన్లలో రాసుకోండి. రెండోసారి ముందు సీసాను బాగా ఊపి లోపలి గాలి మార్చండి.
2. పొడవు కొవ్వొత్తి, పొట్టి కొవ్వొత్తి పక్కపక్కన వెలిగించి పెద్ద సీసా బోర్లించండి. ఏది ముందు ఆరుతుందో చెప్పమని పక్కవాళ్లను అడగండి. కార్బన్ డయాక్సైడ్ బరువు కదా, పొట్టిదే ముందు ఆరుతుంది అంటారు చాలామంది. ఆరేది పొడవుదే. వేడిగా ఉన్న ఆ వాయువు ముందు పైకి చేరి, పై నుంచి పేరుకుంటుంది.
3. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, సీసా బోర్లించండి. మంట ఆరాక నీళ్లు సీసాలోకి ఎక్కుతాయి.

ఈ మూడోదాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి అయిదో వంతు మేర నీళ్లు ఎక్కాయని చాలాచోట్ల చెబుతారు. అది సరికాదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే, అది 16 శాతం దగ్గరికి పడేసరికే కొవ్వొత్తి ఆరిపోతుంది. పైగా ఖర్చయిన ఆక్సిజన్‌కు బదులు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. జాగ్రత్తగా చూడండి: సీసా బోర్లించేటప్పుడు అంచు నుంచి బుడగలు బయటికి పోతాయి. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. మంట ఆరి, లోపలి గాలి చల్లబడ్డాకే గబగబా ఎక్కుతాయి. వేడికి వ్యాకోచించి కొంత గాలి ముందే బయటికి పోయింది. మిగిలింది చల్లబడి కుంచించుకుంది. ఇంకా అనుమానం ఉంటే ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టి అదే సీసా బోర్లించండి. ఆక్సిజనే అసలు కారణమైతే నీటి మట్టం రెండుసార్లూ ఒకేలా ఉండాలి. మూడింటితో నీళ్లు స్పష్టంగా ఎక్కువ ఎక్కుతాయి. మీ పిల్లల పుస్తకంలో పాత వివరణ ఉంటే, ఈ పరీక్ష వాళ్లతోనే చేయించండి.

కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా చూడాలంటే పెద్ద జగ్గులో రెండు చెంచాల వంట సోడా వేసి, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పోయండి. నురగ తగ్గాక, ద్రవం ఒలకకుండా జగ్గును కొవ్వొత్తి మీదికి వంచండి. కంటికి ఏమీ కనబడకుండానే మంట ఆరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఈ వాయువు గాలి కంటే బరువు కాబట్టి నీళ్లలా ఒంపొచ్చు.

పాత బావుల్లో పూడిక తీయడానికి దిగే ముందు లాంతరును తాడు కట్టి దించి చూడటం మన ఊళ్లలో పాత అలవాటు. దీపం ఆరితే దిగకూడదు, అంతవరకూ నిజం. కానీ దీపం ఆరలేదని దిగితే ప్రాణం పోవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువులు మనిషిని పడేసే మోతాదులో ఉన్నా మంటకు తెలియదు. మీథేన్ అనే మండే వాయువు ఉంటే ఆ మంటే పేలుడుకు కారణమవుతుంది. బావి, సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్, వీటి దగ్గర కొవ్వొత్తి పరీక్షను ఎవరూ నమ్మొద్దు. ఒకరు పడిపోతే కాపాడటానికి వెంటనే రెండోవాళ్లు దిగొద్దు. గ్యాస్ కొలిచే మీటరు, గాలి సిలిండరుతో కూడిన మాస్కు ఉన్నవాళ్లను పిలవాలి.

జల్లెడ దాటని మంట

స్టీలు టీ వడపోత జాలీని మంట మీదికి పై నుంచి నెమ్మదిగా దించండి. మంట జాలీ దగ్గరే కోసేసినట్టు ఆగిపోతుంది, పైకి పొగ మాత్రం వస్తుంది. లోహపు తీగ వేడిని లాగేసుకోవడంతో పైనున్న ఆవిరికి అంటుకునేంత వేడి అందదు. 1815లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ గని దీపం చుట్టూ తీగ వల పెట్టింది ఈ సూత్రంతోనే. గనిలో మీథేన్ చేరితే ఆ దీపం మంట మీద లేత నీలి టోపీ కనబడేది, దాన్ని బట్టి గ్యాస్ ఎంతుందో అంచనా వేసేవారు.

రెండు మంటలు పక్కపక్కన

మంట రెపరెపలాడుతోంది అంటే గాలి తగిలిందనే అనుకుంటాం. గాలి లేకుండానే మంటను ఆడించొచ్చు. మూడు సన్న కొవ్వొత్తులను వత్తులు దగ్గరగా వచ్చేలా దారంతో కట్టి వెలిగించండి. మూడు మంటలు కలిసి ఒకే పెద్ద మంటై, సెకనుకు సుమారు పదిసార్లు పొడవవుతూ పొట్టవుతూ ఉంటుంది. మామూలుగా చూస్తే వణుకులా ఉంటుంది, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే ఒక్కో ఊపూ విడిగా కనిపిస్తుంది.

ఇలాంటి కట్టలు రెండు చేసి పక్కపక్కన పెట్టండి. బాగా దగ్గరగా, రెండు సెంటీమీటర్ల ఎడంలో ఉంటే రెండూ ఒకేసారి లేచి ఒకేసారి తగ్గుతాయి. కొద్దికొద్దిగా దూరం జరపండి. ఒక దూరం దాటగానే ఒకటి లేస్తే రెండోది తగ్గడం మొదలవుతుంది. ఇంకా దూరం తీసుకెళ్తే దేని దారి దానిదే. ఆ మారే దూరం మీ కొవ్వొత్తుల్ని బట్టి ఉంటుంది, స్కేలు పెట్టి మీరే కనిపెట్టాలి. ఇక్కడ కనీసం అరగంట కేటాయించండి. గదిలో మనిషి నడిచినా లెక్క చెడుతుంది, అందరూ కూర్చునే ఉండాలి.

తిరిగే బల్ల

కేక్ మీద క్రీమ్ రాసేటప్పుడు తిప్పే టర్న్‌టేబుల్ ఉంటే, అంచున ఎత్తైన గాజు సీసాను డబుల్ టేపుతో గట్టిగా అంటించి, లోపల చిన్న కొవ్వొత్తి పెట్టండి. సీసా గోడలు బయటి గాలిని ఆపేంత ఎత్తు ఉండాలి. సెకనుకు ఒక చుట్టు లెక్కన సమంగా తిప్పండి. మంట బయటికి వాలుతుందనే అందరూ అనుకుంటారు. అది లోపలికి, కేంద్రం వైపు వాలుతుంది. సీసాలోని చల్లటి, బరువైన గాలి అంచు వైపు నెట్టుకుపోతే, తేలికైన వేడి వాయువు మిగిలిన చోటికి, అంటే కేంద్రం వైపు జరుగుతుంది.

ఇక బరువనేదే లేని చోట? వేడిగాలి పైకి లేవదు కాబట్టి మంటకు ఆ కోసు ఆకారమే రాదు. 1992లో కొలంబియా స్పేస్ షటిల్‌లోనూ, 1996లో రష్యా అంతరిక్ష కేంద్రం మిర్‌లోనూ కొవ్వొత్తులు వెలిగించి చూశారు. మంట గుండ్రంగా, చిన్నగా, నీలంగా ఉంది. కొండల మీద గాలి పలచబడినా వెలుగు తగ్గుతుంది. 1859లో ఫ్రాంక్‌లాండ్, టిండాల్ అనే శాస్త్రవేత్తలు ఆల్ప్స్ పర్వతాల్లోని మాంట్ బ్లాంక్ శిఖరం మీద కొవ్వొత్తులు కాల్చి, మైనం దాదాపు కింద కరిగినంతే కరిగినా వెలుగు బాగా మందగించిందని చూశారు.

గోడ మీద, కాగితం మీద

మంటకు నీడ ఉంటుందా? కిటికీ నుంచి నేరుగా పడే ఎండలో కొవ్వొత్తి వెలిగించి, వెనక తెల్ల కాగితం పెట్టండి. మంట నీడ పడుతుంది. మనకు బాగా వెలిగే పసుపు భాగం నీడలోనే అన్నిటికంటే చిక్కగా ఉంటుంది, ఎందుకంటే ఎండను ఆపేది అక్కడి మసి. దానిపైన వేడిగాలి చారలు చారలుగా పాకుతూ కనిపిస్తాయి.

సూర్యాస్తమయం అయిన కాసేపటికి, లైట్లు వేయకుండా, కిటికీ దగ్గర తెల్ల కాగితం పరిచి దాని మీద పెన్సిల్ నిలబెట్టండి. కిటికీకి ఎదురు వైపు కొవ్వొత్తి పెట్టండి. పెన్సిల్‌కు రెండు నీడలు, ఒకటి నారింజ, ఒకటి నీలం. కొవ్వొత్తి వెలుగు అందని నీడలోకి ఆకాశం వెలుగు వచ్చి నీలంగా, ఆకాశం అందని నీడలోకి కొవ్వొత్తి వెలుగు వచ్చి నారింజగా అనిపిస్తుంది. కొవ్వొత్తిని దగ్గరికీ దూరానికీ జరుపుతూ రెండు నీడలూ సమానమయ్యేలా చూడండి. సందె వెలుగు పది నిమిషాల్లో మారిపోతుంది, అన్నీ ముందే సర్దిపెట్టుకోండి.

దూరంతో వెలుగు ఎంత తగ్గుతుందో తెలుసుకోవడానికి తెల్ల కాగితం మధ్యలో ఒక నూనె చుక్క వేయండి. చీకటి గదిలో కాగితాన్ని నిలబెట్టి, ఒక పక్క 30 సెంటీమీటర్ల దూరంలో ఒక కొవ్వొత్తి, రెండో పక్క నాలుగు కొవ్వొత్తులు కాస్త ఎడంగా ఉంచండి (ఆనించి పెడితే పైన చెప్పిన వణుకు మొదలవుతుంది). నాలుగింటినీ నెమ్మదిగా వెనక్కి జరుపుతుంటే ఒక చోట నూనె మచ్చ దాదాపు మాయమవుతుంది. స్కేలు పెట్టి చూస్తే అది 60 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. దూరం రెట్టింపు, వెలుగు నాలుగో వంతు. ఫోన్‌లో వెలుగును కొలిచే లక్స్ మీటర్ యాప్ ఉంటే, ఒక కొవ్వొత్తి మీటరు దూరంలో సుమారు 1 లక్స్ చూపిస్తుంది.

అంతా అయ్యాక కొవ్వొత్తులను ఊది ఆర్పకండి, గది నిండా మైనం వాసన పట్టుకుంటుంది. చెంచా కాడతో వత్తిని వంచి కరిగిన మైనంలో ఒక్క క్షణం ముంచి, మళ్లీ నిటారుగా లేపండి. పొగ రాదు, వత్తికి మైనం పట్టి ఉంటుంది కాబట్టి రేపు ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంటుంది.